పద్దెనిమిది డిగ్రీలు

ప్రగతినగర్ దాటాక, మెట్రో పిల్లర్లు రాని వైపు
మాకొక ఆఫీసుంది.
అలకు మూడొందల కిలోమీటర్లు ఇవతల కూర్చుని
సముద్రానికి జ్వరం చూసే ఆఫీసు.

నేను మూసాపేటలో పుట్టాను.
ఇరవై రెండేళ్లొచ్చేదాకా నాకు తెలిసిన పెద్ద నీళ్లు
వానకు మా గల్లీలోకొచ్చిన నాలా నీళ్లే.
ఇప్పుడు రాత్రి డ్యూటీలో
హిందూ మహాసముద్రమంతా నా ముందు
రెండు తెరల మీద, గళ్లు గళ్లుగా.
నీలమైతే ఫర్వాలేదు.
పసుపైతే కనిపెట్టి ఉండాలి.
ఎరుపైతే రాసి పంపాలి.

ఇక్కడ ఎర్రబడిందంటే
అక్కడ తెల్లబడుతోందని.
ఈ తిరకాసు అలవాటు కావడానికి నాకు ఏడాది పట్టింది.
పగడమంటే అప్పటిదాకా
పత్తర్‌గట్టీ కొట్లో పళ్లెంలో పోసిన ఎర్ర గింజ,
కుజుడి కోసం మా మేనమామ వేలికెక్కిన ఉంగరం.
సముద్రం అడుగున దానికో సంసారముందని,
వేడి మితిమీరితే
తనకు అన్నం పెట్టే నాచునే బయటికి గెంటేసి
పాలిపోయి, ఆకలితో, ఉన్నచోటే నిలబడుతుందని
ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

మైలపల్లి నూకరత్నం పదకొండుకొస్తుంది.
బకెట్, మాప్, ఒక చెవికే పనిచేసే ఇయర్‌ఫోన్.
ఉప్పాడ దగ్గర ఆమె ఊరు.
ఊరు అన్నాక కాస్త ఆగి, "ఉండేది" అని కలుపుతుంది.
సముద్రం ముందు నుయ్యి తీసుకుంది.
తర్వాత రోడ్డు.
తర్వాత బడి గోడ, నల్లబల్ల ఉన్న వైపు.
నాలుగోసారి వాళ్ల వీధి.
"మా ఇల్లిప్పుడు పడవలెళ్లే దారి బాబూ,
మా పొయ్యి మీంచే వలేస్తన్నారు."
అని నవ్వుతుంది.
నేను నవ్వాలో వద్దో ఇప్పటికీ తెలీదు.

మొన్న ఏప్రిల్ చివర్లో
అండమాన్ పక్కన నాలుగు గళ్లు ఎర్రబడ్డాయి.
మాప్ ఆపి చూసింది.
"ఏటి బాబూ అది?"
చెప్పాను, నాకొచ్చిన మాటల్లో.
"మా తమ్ముడక్కడే. జంగ్లీఘాట్."
ఫోన్ తీసింది.
అటుపక్క ఇంజిన్ చప్పుడు, గాలి, మధ్యలో ఒక మగగొంతు:
"పది రోజులైందక్కా.
కింద రాయంతా సున్నం కొట్టినట్టుంది.
చిలకచేప జాడ లేదు.
నీళ్లు మాత్రం అద్దమే.
ఇంత అందంగా ఎప్పుడూ లేదు, భయమేస్తంది."

నా బులెటిన్ అప్పటికి రెండో పేరాలో ఉంది.
"తెల్లబారే అవకాశం కలదు" అని రాశాను.
కొట్టేశాను.
మళ్లీ అదే రాశాను.
అయిపోయినదానికి మా ఫార్మాట్‌లో గడి లేదు.

"ఇది చదివి ఏం చేత్తారు బాబూ?"
లంగరు రాయి మీద వెయ్యనివ్వరు, అన్నాను.
మునిగి చూసే టూరిస్టుల్ని కొన్నాళ్లు ఆపుతారు.
బతికున్న ముక్కల్ని తీగలకు కట్టి పెంచుతారు.
"నాట్లేసినట్టా?"
అలాంటిదే.
"మరి వేడో?"

సర్వర్ల గదిని మేమెప్పుడూ
పద్దెనిమిది డిగ్రీల్లో ఉంచుతాం,
సముద్రం జ్వరం లెక్క తప్పకూడదు కదా.
ఆ గదిలోని వేడంతా
వెనక గోడకున్న డబ్బాల్లోంచి నిజాంపేట రాత్రిలోకి పోతుంది.
ఆ గోడకవతల ఏనుగంత బండ ఒకటుండేది.
అపార్ట్‌మెంట్ సెల్లార్ కోసం మూడు మధ్యాహ్నాల్లో పేల్చేశారు.
ఎన్ని కోట్ల ఏళ్లుగా కూర్చుందో,
దాని గురించి ఎవరూ బులెటిన్ ఇవ్వలేదు.

తెల్లారుజామున టీకని బయటికొస్తే
నూకరత్నం తడిగుడ్డలు ఆ డబ్బాల ముందు ఆరేస్తోంది.
"ఇక్కడైతే చిటికెలో ఆరతాయి బాబూ."
చెయ్యి పెట్టి చూశాను,
పిల్లల నుదురు చూసినట్టు.

ఐదున్నరకు బులెటిన్ వెళ్లింది, ఇంగ్లీషులో.
ఆమె ఫోన్ తీసుకుని
తమ్ముడికి తెలుగులో నేనే చదివాను, నెమ్మదిగా, తేదీతో సహా.
"అవకాశం కలదు" దగ్గర
అతను "ఆఁ" అన్నాడు.