పది ఊపిరులు

గని మూతపడ్డాక
ఇద్రియాలో నేను లేసు నేర్చుకోడానికి కూర్చున్నాను,
యాభై రెండేళ్ళ వయసులో,
ఏడేళ్ళ పిల్లల బెంచీ మీద.
పార పట్టిన వేళ్ళలోంచి ఎనిమిది జతల కండెలు
ఎండ్రకాయల్లా పక్కకి పాకిపోతాయి.

మెలిక, దాటు, మెలిక, గుండుసూది.
మళ్ళీ తప్పు.
పళ్ళు బిగించి ఇంకాస్త లాగితే
దారం పుటుక్కుమంది.

"కింద పెట్టు," అంది జాల్కా టీచరు.
"పది ఊపిరులు ఊరికే కూర్చో."

ఊరికే కూర్చోడానికా ఫీజు కట్టింది?
మా గనిలో ఆగిన చెయ్యికి కూలి కోసేవారు.

పిల్లలప్పుడే కండెలొదిలి కాళ్ళూపుతున్నారు.
సరే, కిటికీ వైపు తిరిగాను.
ఎదురింటి కప్పు మీంచి మంచు
ముద్దగా జారి, కింద కుక్క మీద పడింది.
అది ఒళ్ళు దులుపుకుంది.
నేనేమీ ఆలోచించలేదు, ఒట్టు.

మళ్ళీ పట్టుకున్నాను.
మెలిక, దాటు...
ఎప్పుడూ చిక్కుపడే మలుపు దగ్గర
వేళ్ళు తోవ తెలిసిన గాడిదల్లా తిరిగాయి.
నేను లేని ఆ కాసేపట్లో
లోపలెవరో దీపం కూడా వెలిగించకుండా
గబగబా ఇరవైసార్లు అల్లి చూసుకున్నట్టు.

పక్కనున్న నేజా, ముందుపళ్ళు ఊడిన పిల్ల,
నా చేతులకేసి చూసి అడిగింది:
"నీకూ వచ్చేసిందా, ఆగడం?"