వదులు రేకు

మొదట చిల్లర డబ్బులనుకున్నాను.
డాష్‌బోర్డు అరలోంచి తీసి పర్సులో వేసుకున్నా ఆగలేదు.
తర్వాత టీకాల పెట్టె మీద అనుమానం.
దాన్ని ముందు సీట్లోకి మార్చి
బెల్టు కట్టాను, చుట్టాన్ని కూర్చోబెట్టినట్టు.
గుణుపురం రైలు గేటు దగ్గర
బండి నిలబడి ఊపిరి తీస్తుంటే
కిందనుంచి మళ్ళీ అదే
జిర్ర్‌ర్‌ర్,
డబ్బాలో కందిరీగని మూసినట్టు.

నలభై దాటితే నోరు మూసుకుంటుంది.
గేరు దించితే అందుకుంటుంది.
ఎత్తెక్కేటప్పుడు మరీను,
మా మేనత్త మోకాళ్ళ సంగతి చెప్పినట్టు
ఆగి ఆగి, ఎప్పటికీ ఆపకుండా.

నరసింగ బిసోయి షెడ్డు వంశధార వంతెనకి ఇవతల.
ఒడియాలో వింటాడు, తెలుగులో లెక్క కడతాడు,
రెండూ కాని భాషలో బండిని తిడతాడు.
"గొట్టం చల్లారనీ దీదీ" అని టీ తెప్పించాడు.
గంటన్నర.
అప్పుడు గోనెసంచి పరిచి కిందికి దూరాడు.
వేలు మడిచి, తలుపు కొట్టినట్టు,
సైలెన్సరు పొడవునా కొట్టుకుంటూ పోయాడు.
టక్.
టక్.
జిర్ర్.
"దొరికాడు."

నన్నూ వంగి చూడమన్నాడు.
కుచ్చిళ్ళు దోపుకుని చూశాను.
గొట్టం మీద అరటిదొప్పలా వంగిన పల్చటి రేకు.
బోల్టు తల తుప్పుకి రాలిపోయింది,
కన్నం ఎలక కొరికిన రొట్టెలా పెద్దదయింది.
ఇంతేనా అన్నాను.
ఇంతే అన్నాడు.

"పీకి పారెయ్. నాకెందుకది?"

కిందనుంచి మాట రాలేదు.
చెయ్యొకటి బయటికొచ్చింది,
పిడికిట్లో చోడిగడ్డి,
కొసలు నల్లగా మాడి.

మార్గశిరంలో గుడారి రోడ్డంతా కళ్ళమే.
చోడివెన్నులు తారు మీద పరిచి
పోయే బండ్ల చేత నూర్పించుకుంటారు,
కూలి లేదు, కూడు పెట్టక్కర్లేదు.
కర్ర పట్టుకున్న ముసలమ్మ
"ఇటు, ఇటు, అంచుమీంచి పో" అని అదిలిస్తే
నేనూ అంచుమీంచే పోయేదాన్ని.
ఆ గడ్డికీ గొట్టంలో మంటకీ మధ్య
ఇన్నాళ్ళూ అడ్డం నిలబడింది ఇదన్నమాట,
ఒక మేకు ఊడి, వణుక్కుంటూ.

కొత్తది రాయగడ నించి రావాలన్నాడు.
ధర చెప్పాడు. విననట్టు ఊరుకున్నాను.
"అయితే పట్టీ వేస్తా."
బోరు పైపులకి వేసే స్టీలు క్లాంపులు,
ఒకటి చాలక రెండు, తలా తోకా కలిపి,
రేకునీ గొట్టాన్నీ ఒక్కటిగా చుట్టాడు.
టార్చి నేను పట్టుకున్నాను.
సూది వేసేటప్పుడు తల్లి బిడ్డ తొడని అదిమినట్టు
ఎడంచేత్తో అదిమిపట్టి బిగించాడు.
బిగించి,
"మరీ ఐతే వేడికి చీలిపోద్ది" అని
అరచుట్టు వెనక్కి తిప్పాడు.
డెబ్భై రూపాయలు. టీ డబ్బులు తీసుకోలేదు.

బుధవారం కెందుగుడ.
కొండ దారి పొడవునా
పెట్టెలో ఐసు పొట్లాలు ఒకదాన్నొకటి రాసుకోవడం
మొదటిసారి విన్నాను.

పిల్లలందరూ వీధిలోనే దొరికారు.
ఎప్పుడూ అరమైలు దూరంలోనే జిర్ర్‌మని వినబడి
చింతకొమ్మలెక్కేవాళ్ళు, గాదెల వెనక దూరేవాళ్ళు,
తల్లులు ఒక్కొక్కర్నీ ఈడ్చుకొచ్చేసరికి
నా మధ్యాన్నం భోజనం చద్దన్నమయ్యేది.
ఆవేళ పదకొండుకల్లా
రిజిస్టరులో గళ్ళన్నీ నిండాయి.

జెమ్మి, ఐదేళ్ళది, జబ్బ పట్టుకుని
ఏడుపు మధ్యలో ఆపి నావైపు చూసింది.
"సూది దీదీ,
సప్పుడు సెయ్యకుండా వచ్చీసినావేటి?"

చాక్లెట్ ఇచ్చాను.
తీసుకోలేదు.

ఇప్పుడు ఊరి మలుపులో
ఇప్పచెట్టు దగ్గర హారన్ కొడతాను, రెండుసార్లు.
ముందు సీటు పెట్టెది కనక వెనక కూర్చున్న ఆశా కార్యకర్త
"ఎదురుగా ఎవరూ లేరు కదా దీదీ" అంటుంది.
గేరు దించి
కాసేపు ఆగుతాను.