పది అడుగుల వెనక

హ్వాగే సంత దగ్గర బస్సు దిగేసరికి
నా కుడి బూటు అడుగు ఊడి
దాహమేసిన కుక్క నాలుకలా వేలాడుతోంది.
చెర్రీ పూలు చూడ్డానికి ఇంత దూరమొచ్చి
పొద్దంతా నేల చూస్తూ నడిచాను.

ఆల్చిప్పల చారు అమ్మే అవ్వ
నా మొహంకంటే ముందు నా కాలు చూసింది.
ఏదో అంది. నాకు అర్థం కాలేదు.
అదే మాట ఇంకాస్త గట్టిగా అంది,
తేడా అంతా నా చెవుల్లోనే ఉన్నట్టు.

తర్వాత మాటలు మానేసి బూటు లాక్కుంది.
వల అల్లే దారంతో నాలుగు చుట్లు చుట్టి
పంటితో తెంపి నా ఒళ్ళో పడేసింది.
గోరంత ఆల్చిప్పలు, సొమ్‌జిన్ నదిలో దేవినవి,
పొగలు కక్కే గిన్నె నిండా.
డబ్బు తీస్తే ఈగను తోలినట్టు చెయ్యి విసిరింది.
గిన్నె కింద పెట్టి బయటపడ్డాను.
వెనకాలే పరుగెత్తుకొచ్చి ఆ నోట్లు నా కోటు జేబులో కుక్కింది,
పైగా ఒక ఉడికించిన గుడ్డు.

ఎవరైనా ఏదైనా ఊరికే పెడితే
పెట్టే చెయ్యి కాదు,
రెండో చెయ్యి ఎక్కడుందో చూడ్డం
నాకు చిన్నప్పుడే అలవాటైంది.
అవ్వ రెండో చేతిలో గరిటె ఉంది.

వంతెన దాటాక దీపాల్లేవు.
పూల కోసం వచ్చిన కార్లన్నీ వెళ్ళిపోయాయి.
నా బస కొండ మీదికి ఇంకో గంట నడక.
రెండు పక్కలా చెట్లు, చీకట్లో కూడా తెల్లగా,
కింద ఎక్కడో వాగు మోత.
ఫోను కన్ను మూసింది.

అప్పుడు వెనక అడుగులు.
మగ అడుగులు. ఆ తేడా మాకెవరూ నేర్పరు.
జేబులో తాళంచెవి తనంతట తనే
వేళ్ళ మధ్యకి వచ్చి నిలబడింది.
వేగం పెంచాను. ఆ అడుగులు పెంచలేదు.
ఆగాను. అవీ ఆగి, ఒకసారి దగ్గాయి.

అంతలో వెలుతురు,
వెనక నుంచి, నా పక్కగా, నా ముందుకి.
టార్చిలైటు నా మీద లేదు, దారి మీద ఉంది.
నా నీడ నాకంటే ముందు బయల్దేరింది,
కొండంత పొడుగ్గా.
ఆ వెలుగులో రేకులు రాలుతూనే ఉన్నాయి.

నమ్మానని చెప్పను.
పిడికిలి సడలించలేదు.
ఇంత అందాన్నీ ఇంత భయాన్నీ
ఒకే ఊపిరిలో పీల్చడం
నాకు అదేం మొదటిసారి కాదు.

బస గుమ్మంలో దీపం, చెప్పులు పట్టుకుని మాల్‌సున్ గారు.
వెనక వెలుతురు ఆరిపోయింది.
తిరిగి చూస్తే ఒక టోపీ,
చీకట్లోకి దిగిపోతున్న ఒక వీపు.
ఆమె తన ఫోనులోకి ఏదో చెప్పింది.
అది ఉప్పూ కారం లేని గొంతుతో నాకు చదివింది:
"ఆయన మూన్ దోక్‌బే. టీ ఆకు వేయిస్తాడు.
సంతలో అవ్వ ఫోన్ చేసి పంపింది.
పిల్ల బూటు తెగింది, దారి చీకటి,
వెనకాలే వెళ్ళు, పక్కన నడవకు,
జడుసుకుంటుంది అంది."

పక్కన నడవకు.
అవ్వకి ఎలా తెలిసిందని నేనడగలేదు.
ఎలా తెలుస్తుందో నాకు తెలుసు.

పొద్దున్నే వెతుక్కుంటూ వెళ్తే
పాక ముందు పెద్ద ఇనప మూకుడు తోముతున్నాడు.
ఆకు కోతకి ఇంకా రెండు వారాలుందట.
వంగి దణ్ణం పెట్టాను. ఆయన వంగాడు.
మళ్ళీ నేను. మళ్ళీ ఆయన.
మధ్య దూరం మాత్రం
ఇద్దరం అలాగే ఉంచాం.

బస్సు కోసం నిలబడి జేబు తడుముకుంటే గుడ్డు.
రాత్రి నా పిడికిలి కింద
పెంకంతా బీటలు వారింది.
ఒలుచుకుని అక్కడే తిన్నాను.
చల్లగా ఉంది. ఉప్పు లేదు.
ఒక్క ముక్క కూడా కింద పడనివ్వలేదు.