వై అక్షరం అరిగిన సంవత్సరం

పైక్రాఫ్ట్స్ రోడ్డు వెనక సందులో
మా బైండింగు కొట్టుకి బోర్డు లేదు.
మైదా జిగురు ఉడికే వాసనే బోర్డు.
పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం.
చదువుకి విషం పెట్టి కాపాడేది మనమేరా అని
మా నాయన నవ్వేవాడు.

ఇంగ్లీషు నాకు కుడి నుంచి ఎడమకే వచ్చు.
ఇత్తడి అచ్చుల్లో అక్షరాలు తిరగబడి ఉంటాయి.
వేడిచేసి, బంగారు రేకు పరిచి
థీసిస్ వెన్ను మీద ఒత్తితే
లోకానికి తిన్నగా కనబడతాయి.
ఏ కాలంలో ఏ పరిశోధన నడుస్తోందో
పేజీ తిప్పకుండా చెప్పగలను,
ఏ అచ్చు అరిగిందో చూస్తే చాలు.

ఒకప్పుడు లా చదువంటే
భూములు, విడాకులు, మిల్లు కార్మికులు.
రెండువేలు దాటాక సైబర్ అనే మాటొచ్చింది,
ప్రతి మూడో వెన్ను మీదా అదే.
వై కాలు సన్నబడి సన్నబడి
ఒక వానాకాలం రాత్రి పుటుక్కుమంది.
కొత్తది పోత పోయించడానికి
ప్యారిస్ కార్నరంతా తిరిగాను.
తర్వాత ఎలక్ట్రానిక్ సంతకం
(చెయ్యి ఆడని సంతకం మీద మూడొందల పేజీలు!)
ఆనక డేటా, ప్రైవసీ. దాని తోకా వైయే.
ఇప్పుడు ఏ, ఐ.
ఈ రెండచ్చులకీ చల్లారే తీరికే లేదు,
కొట్టు మూసేవేళ ముట్టుకుంటే
జ్వరమొచ్చిన కవల పిల్లలు.

నిరుడు ఎండల్లో ఫోనొచ్చింది:
"బిల్లు కట్టలేదు, ఈ రాత్రికి మీ కరెంటు కట్."
ఆ పూట అయిదు కాపీలు ఆరబెట్టి ఉన్నాయి.
ఫ్యాను ఆగితే బూజు.
జిగురు వేలితోనే వాడు చెప్పిన అంకెలు నొక్కాను.
ముప్పై ఎనిమిది వేల నాలుగు వందలు.
అద్దం మీద మైదా వేలిముద్ర ఒక్కటి మిగిలింది.

స్టేషన్లో రైటరు అడిగాడు,
"ఓటీపీ నువ్వే చెప్పావా?"
"నేనేనండి."
"మరి దొంగెవడయ్యా?"
బెంచీ మీదివాళ్ళంతా నవ్వారు.
నేనూ నవ్వాను, అదే ఇప్పటికీ మండుతుంది.

ఆ నెలలోనే తిలగవతి వచ్చింది,
తాంబరం నుంచి, భుజాన సంచీ, నలభై రెండు ప్రశ్నలు.
ఆ పిల్ల అరవంలో అడిగింది,
నేను తెలుగు కలిపి చెప్పాను,
ఇంగ్లీషులో రాసుకుంది.
మూడు భాషలు దాటేసరికి
నా గొంతు ఒక గళ్ళో టిక్కయింది.
"ఇంట్లో చెప్పారా, అయ్యా?"
దగ్గొచ్చినట్టు చేశాను. టీ తెప్పించాను.

ఇవాళ ఆ థీసిసే కుట్టుకి వచ్చింది.
ముదురు నీలం రెక్సిన్, గురువారానికల్లా కావాలట.
దబ్బనం దింపుతూ దింపుతూ అనుబంధం దగ్గర ఆగాను:
యాభై ఏడో వ్యక్తి. పురుషుడు. స్వయం ఉపాధి.
టీ ఇచ్చాడని ఎక్కడా లేదు.
కింద ఇంకో పట్టిక.
ఇంట్లో చెప్పనివారు: నూటికి అరవై నాలుగు.

అరవై నాలుగా!
ట్రిప్లికేన్‌లో, వ్యాసర్పాడిలో, పల్లావరం మిద్దెల మీద
ఎవరెవరో కంచం ముందు కూర్చుని
"ఏం లేదు, ఎండదెబ్బ" అంటూ ఉంటారు.
వాళ్ళందర్నీ ఒకే దారంతో కుట్టాను.
కొంచెం బిగువుగానే కుట్టాను.

శీర్షికలో విక్టిమ్ అన్న మాటుంది.
దానికి ఐలు రెండు కావాలి.
ఇంగ్లీషులో ఐ అంటే నేను అని
ఆ పిల్లే చెప్పింది డబ్బు లెక్కపెడుతూ.
మిగతా అచ్చులన్నీ అరచేతిలో ఒకలా, అట్ట మీద ఒకలా.
ఐ మాత్రం
ఎటు తిప్పినా ఐయే.

ఒత్తాను. కాస్త వంకరొచ్చింది.

కస్తూరి ఫోను చేసింది,
అన్నానికి వస్తున్నావా అని.
జిగురింకా ఆరలేదన్నాను.