సాని గుప్పెడు

ముదిగుంటకు పోవాలంటే
దేవరకొండలో బస్సు దిగి
డిండి వాగు దిక్కు ఆటో పట్టాలి.
నా సంచిలో పలుచటి కాయితాలు, గట్టి కుచ్చు బ్రష్షు,
మసి సిరా సీసా, రెండు అరటిపండ్లు.
రాళ్ల మీది మాటల్ని కాయితానికెక్కించడం నా నౌకరి.

రాయి రేషను షాపు వెనక వెల్లకిలా పడుంది.
దాని నడుముకు కొడవళ్లు నూరిన గాడి.
ఎవరో పసుపు రాశారు, ఎవరో ఫోను నంబరు రాశారు.
తడి కాయితం పరిచి
బ్రష్షుతో కొట్టీ కొట్టీ సిరా అద్దితే
ముందు రాజు లేచాడు.

ఇరవై మూడు పంక్తులు లేచాడు.
వాని గండడు, వీని మిండడు,
ఏనుగుల్ని లెక్కపెట్టాడు, కోటల్ని లెక్కపెట్టాడు,
కాయితం సగం దాటింది గానీ
ఆయన బిరుదులు దాటలేదు.

ఇరవై నాలుగో పంక్తిలో "ఆయన అర్ధాంగి" అని ఒక మాట.
ఆ పక్కనే గాడి.
పేరు ముందరి అక్షరం ఇనుము తినేసింది.
మిగిలింది "కసాని".
అంకసానో, మంకసానో,
తల్లి ఏమని పిలుచుకుందో.
రిపోర్టులో చుక్కలు పెట్టాలి.
నేను మాత్రం అంకసాని అనుకున్నాను,
ఎండలో ఒక్కణ్నే ఉన్నాను గదా, పిలవడానికో పేరు కావాలి.

ఆమెకు దక్కింది రెండు పంక్తులు.
"నాట్లు వేసిన ఆడువారికి కూలి కొలుచునప్పుడు
సోలకు తల కొట్టరాదు."
అంతే. గుడి లేదు, గోదానం లేదు.
కింద శాపం ఉంది,
గంగ ఒడ్డున ఆవును చంపిన పాపం అని
అందరూ చెక్కించే శాపం కాదు.
"కొట్టినవాడు తన ఇంట తానే చివర తినుగాక."

బ్రష్షు పక్కన పెట్టి కూర్చున్నాను.
చివర తినడమంటే ఏమిటో
రాణికెట్లా తెలుసు?
ఏ కిటికీలోంచి చూసింది
గాదె ముంగిట కరణం అరచేయి
సోల మీద అడ్డంగా జారడం,
జొన్నల కొప్పు తిరిగి రాశిలోకి రాలడం,
చీర చెంగు పట్టుకున్న మనిషి నోరెత్తకపోవడం?
ఇదంతా నా ఊహ, కాలంలో పట్టదు.

అప్పుడొచ్చింది ఈదమ్మ
వంకరపోయిన మోకాళ్లతో, చేతిలో బియ్యం సంచితో.
ఫ్లోరైడు నీళ్లు తాగిన ఎముకలు ఆమెవి,
రాయి మీద కూర్చోబోయి నల్లకాయితం చూసి ఆగింది.
"ఏం రాసిండ్రు సారూ, భూమి పట్టానా?"
చదివి చెప్పాను.
ఆమె నవ్వింది, పండ్లన్నీ గార.
"గదా! మా అత్త గింజలు కొలిస్తె
సోల నిండినంక మల్లొక గుప్పెడు ఏస్తుండె.
సాని గుప్పెడు అంటుండె.
సాని ఎవలత్తా అంటె
దొరసానో మంత్రసానో నాకేమెర్క,
ఏసుడుంది, ఏయాలె, అంటుండె."

లోపల డీలరు పిలిచాడు.
ఎలక్ట్రానిక్ కాంటా మీద ఎర్రటి అంకె
ఆరు దగ్గర ఆగింది.
రెండు గింజలెక్కువైతే
డీలరు వేళ్లతో తీసి బస్తాలో వేశాడు.
ఈదమ్మ ఆ వేళ్లనే చూసింది, ఏమీ అనలేదు.

నేనొక అరటిపండు ఇచ్చాను.
ఊరికే తీసుకునే మనిషి కాదు,
కొంగు ముడి విప్పి పల్లికాయలు నా సంచిలో పోసింది.
చాలమ్మా అన్నాను.
చాలనంగనే
ఇంకొక గుప్పెడు పోసింది.

కాయితం ఆరింది, ఒలిచి తీశాను.
నలుపు నిండా తెల్లటి రాజు.
గాడి ఉన్న చోట మాత్రం ఏ అక్షరమూ లేదు.

తిరుగు ఆటోలో పల్లికాయలు ఒలుచుకుంటూ
ఎన్ని ఇచ్చిందో లెక్కపెట్టబోయి
ముప్పై దగ్గర
మానుకున్నాను.