పదకొండో మెట్టు

నవంబరు ముదిరితే వార్దోలో పొద్దు పొడవదు.
పదింటికి పొడిచినట్టు నటిస్తుంది,
ఒంటిగంటకల్లా ఆ నటనా మానుకుంటుంది.

రేవు పక్క, చేపల గిడ్డంగి పైఅంతస్తులో
మేం నలుగురం, ఒక హీటరు.
పడవలకి గాలి సంగతి చెప్పే ప్రోగ్రాం మాది:
ఏ పూట బయల్దేరొచ్చు, ఏ పూట తాడు విప్పకూడదు.

కొత్త కోడు సర్వరెక్కేది
ఇరవై రెండేళ్ళుగా గురువారం రాత్రే.
ఎక్కించే చెయ్యి ఇరవై రెండేళ్ళుగా ఒడ్వార్‌దే.
నీలం అట్ట నోటుబుక్కు, పదిహేడు మెట్లు,
పెన్సిలు రాత, మీద చేపనూనె మరకలు.
వెనక మేం ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళం,
పురిటిగది బయట చుట్టాల్లా.

వసంతంలో ఆయన రిటైరవుతాడు.
ఆ మాట విన్నరోజే తూరిద్ అంది:
"ఈ పుస్తకాన్ని మిషనుకి అప్పజెబుదాం."

మొదలుపెట్టడం అంటే ఏముంది,
చేతికి తెలిసినదాన్ని నోటితో చెప్పించడం.
ఒడ్వార్ చెప్తాడు, తూరిద్ కొడుతుంది,
మెట్టుకో పంక్తి.
ఈ పంక్తికి ముందు రెండు ఖాళీలు, దాని కిందదానికి నాలుగు.
ఒక్క ఖాళీ తగ్గిందని
తొలిరోజంతా తెర ఎర్రబడే ఉంది.

టెస్టులా? మూడంటే మూడున్నాయి.
ఒకటి, రెండూ రెండూ నాలుగేనా అని చూసేది.
అది ఎన్నడూ తప్పలేదు.
ఆంతె నాలుగోది రాశాడు: గాలి సున్నా అయితే?
ప్రోగ్రాం అక్కడికక్కడే కుప్పకూలింది.
ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు మరి,
వార్దోలో గాలి సున్నా అయిందెప్పుడు గనక!

పదకొండో మెట్టు దగ్గర తూరిద్ నవ్వింది.
"కిందికెళ్ళు. కాఫీ తాగు. రా."
అంతే రాసుంది.
మిషనుకి కాఫీ ఏంటని కొట్టేసింది.

పది దాకా పచ్చ.
ఆ తర్వాతది ఎరుపు.
మళ్ళీ నడిపితే, మళ్ళీ అక్కడే.
అదే పని ఒడ్వార్ చేత్తో చేస్తే
వెన్నలో కత్తి దిగినట్టు దిగిపోతుంది.
"ఏం చేస్తావు నువ్వక్కడ?"
"ఏమీ చెయ్యను. కాఫీ తాగుతాను."

మూడు రోజులు లాగ్‌లు చదివాను నేను,
బియ్యంలో రాళ్ళేరినట్టు.
దొరికింది చివరికి.
మా డేటాబేసు ముసలిది.
పాత కోడు పోయి కొత్తది వచ్చేవేళ
ఆటుపోట్ల పట్టికలన్నీ మడిచి లోపల పెట్టుకోడానికి
దానికి నాలుగు నిమిషాలు కావాలి.
ఆ లోపల తలుపు తడితే పలకదు.

ముప్పై ఒక్క మెట్లు కిందికి, ఒక కప్పు, ముప్పై ఒక్కటి పైకి.
ఆయనకీ తెలీదు ఆ కాఫీ ఎవరికోసమో.

"ఊరికే ఆగడం కాదు,
లేచావా అని దాన్నే అడగాలి, అదీ పద్ధతి," అన్నాడు ఆంతె.
నిజమే. అది వచ్చేవారం పని.
ఈ వారానికి తూరిద్ రాసింది:
రెండువందల నలభై సెకన్లు ఆగు.
పక్కన, మిషను చదవని చోట:
ఒడ్వార్ కాఫీ. తీసెయ్యొద్దు.

మంగళవారం. గురువారం కాదు, రాత్రీ కాదు.
హెచ్చరికలో ఒక అక్షరం తప్పుంటే ఆంతె దిద్దాడు,
పంపాడు, హీటరు వైపు కాళ్ళు చాపుకున్నాడు.
వెనక ఎవరూ నిలబడలేదు.
చిన్న చుక్క పసుపుగా తిరుగుతోంది.

ఒడ్వార్ ఒక్కడికే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.
నోటుబుక్కు తెరిచాడు, మూశాడు.
పదకొండో వరస దగ్గర చుక్క ఆగింది.
ఆయన లేచి కోటు తొడుక్కుని
మెట్లు దిగి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది.
ఎవరం చెప్పలేదు, ఆయనా అడగలేదు.
కిటికీ కింద పడవలో ఒకతని ఫోను మోగింది.
చీకట్లో దాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకు చదివి,
జేబులో వేసుకుని,
తాడు ఇంకో చుట్టు చుట్టాడు.