ఎడమ అంచు

జంపఖానా కుడి అంచు సక్కగనే ఉన్నది.
ఎడమ దిక్కు ఎర్ర చార
జానకొకసారి తప్పుతున్నది.
"ఏందయ్యా ఇది?" అన్న.
"మంచిగనే ఉన్నది గదనే" అన్నడు రాజనర్సు.
కొత్తవాడల నలభై ఏండ్లు నాడె విసిరిన చెయ్యి.

తెల్లారంగనే తలనొప్పి,
తాగిన నీళ్లు గూడ కక్కుడు.
పైత్యమన్నరు.
నేను నిమ్మకాయ కోసి దిష్టి తీసిన.
కంచంల ఎడమ పక్క బువ్వ అట్లనే మిగిలేది,
కూర నచ్చలేదనుకొని
రెండు దినాలు మాట్లాడలే.

ఎంజీఎంల డాక్టరమ్మ గడియారం గీయమన్నది.
పన్నెండు కాడికెల్లి ఆరు దాకా గీసి
అయిపోయిందని పెన్సిల్ కింద పెట్టిండు.

ఫిల్ము కిటికీకి పట్టి చెప్పింది:
మెదడుల మొలిచేటియి వేరు,
వేరే కాడ పుట్టి నెత్తికెక్కేటియి వేరు,
ఇది పైపొర గడ్డ,
ఏండ్లకేండ్లు మెల్లగ పెరిగింది, తీయొచ్చు.
ఎంత ఉన్నదమ్మా అంటే
నిమ్మకాయంత అన్నది.

ఏడు గంటలు.
బయట బెంచీ మీద
ఆయన అంగీ మడిచి, ఇప్పి, మళ్ల మడిచిన.

ఇప్పుడు పొద్దు మాపు మూర్ఛ రాకుండ గోలీ.
ఎడమ మణికట్టుకు ఎర్ర నూలు కట్టిన,
మొక్కు గాదు,
అటు చూసుడు మళ్ల నేర్వాలెనట.

నిన్న షావుకారి వాపసిచ్చిన జంపఖానా మీద కూసొని
వేలితోని చార వెంబడి పోయి పోయి
ఎడమ అంచు కాడ ఆగిండు.
"ఎవలు నేసిన్రే ఇది, ఇంత అధ్వాన్నంగ?"

కండె చుట్టుకుంట
నేను మొఖం అటు తిప్పుకున్న.